పిచ్చుక కాలు, ఉష్‌బాబు పుస్తకం

ఇలా దగ్గరికి జరుగు అమ్మలూ. ఆ పేపరు మడిచి పక్కన పెట్టు. ఇంకా దగ్గరికి రా, గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు, గట్టిగా చెప్పే కథా కాదు ఇది.

పుస్తకాలు రాసేవాళ్ళు తమ కొత్త పుస్తకం ఎలా పుట్టిందో చెబుతుంటే నువ్వు నోరు తెరుచుకుని చదువుతావు. ఒకాయనకి కిటికీలోంచి కొండ కనబడితే గానీ కలం కదలదట. ఇంకొకావిడ నీలం సిరా తప్ప ముట్టదట. చదువుకో, నేనొద్దనను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు, పుస్తకాల మంచి చెడ్డలు నాకేం తెలుసు? కానీ ఒక పుస్తకం పుట్టడం మాత్రం పక్క గదిలో కూర్చుని చూశాను. మనిషి పురుడు చూసినంత దగ్గరగా చూశాను. అది చెబుతాను, విను.

మా అక్కకి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు కొడుకు, తర్వాత ఆడపిల్ల. మా అక్కది కుట్టుపని. కాలితో తొక్కే మిషను మీద ఇద్దర్నీ పెంచింది. వాడు పసివాడుగా ఉన్నప్పుడు ఆ మిషను కిందే పాత గుడ్డల మీద పడుకునేవాడు. చప్పుడు ఆగితే లేచి ఏడ్చేవాడు, మొదలైతే నిద్రపోయేవాడు. కాస్త పెద్దయ్యాక పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు. ఇంట్లో ఎవరు గిన్నె కదిపినా, దగ్గినా, వేలు పెదవి మీద పెట్టి ‘ఉష్’ అనేవాడు. అందుకే వాడికి ఉష్‌బాబు అని పేరు పడింది. అందరి నోళ్ళూ మూయించాడు గానీ, ఆ మిషనుని మాత్రం ఏనాడూ ఒక్క మాట అనలేదు.

చెల్లెలు పిచ్చుకంత ఉండేది, పిచ్చుకలాగే ఒక్కచోట నిలిచేది కాదు. పిచ్చుక అనే పిలిచేవాళ్ళం. మా అక్క పోయాక మిషను పిచ్చుకకి వచ్చింది, అన్నయ్యా పిచ్చుకకే వచ్చాడు. వాడు ఉద్యోగం చెయ్యలేదు, పెళ్ళి చేసుకోలేదు. రచయిత కదా, రాసేవాడు. అదేమో బడిపిల్లల బట్టలు, కిటికీ తెరలు, పరుపు గలేబులు, జిప్పులు పోయిన సంచులు, ఏది వస్తే అది కుట్టి ఇల్లు నడిపేది. నేను వాళ్ళ పై వాటాలో ఉండేదాన్ని. వంట మాత్రం ముగ్గురికీ కలిపి కిందే చేసేదాన్ని.

ఇల్లు ఎలా ఉండేదో చెబుతాను. వీధివైపు గదిలో మిషను. దాని వెనక గదిలో ఉష్‌బాబు బల్ల. మధ్యలో తలుపు. ఆ తలుపు పూర్తిగా తెరవకూడదు, పూర్తిగా మూయకూడదు. జానెడు సందుండాలి. ఆ సందులోంచి మిషను చప్పుడు వస్తేనే వాడి కలం నడిచేది. పిచ్చుక దారం ఎక్కించడానికి ఆగితే వాడి చెయ్యి ఆగేది. కత్తెర తీసుకుంటే లోపలినుంచి కలంతో బల్లమీద ‘టక్’ అని కొట్టేవాడు. అంటే తొక్కమని. పాపం ఆ పిల్ల పొద్దున్న పనంతా ఏకధాటిగా సాగేట్టు, కత్తిరింపులన్నీ ముందురోజు సాయంత్రమే చేసి పెట్టుకునేది.

“మా అన్నయ్య రాత నా కాల్లో ఉంది పిన్నీ,” అనేది నవ్వుతూ. దానికదో గర్వం.

“నీ కాల్లో ఉంటే మరి పొగరు నెత్తికెలా ఎక్కిందే వాడికి?” అన్నాను నేను.

చదువు విషయంలో కూడా వాడి పద్ధతి వాడిదే. బతికున్న రచయితల పుస్తకాలు ముట్టేవాడు కాదు. “పోయినవాళ్ళనే చదువుతాను పిన్నీ, వాళ్ళు ఇంక చెడగొట్టలేరు,” అనేవాడు. ఏ పుస్తకమైనా చివరి పేజీ ముందు చదివేవాడు. ఎవరు చస్తారో తెలిశాకే మొదటి పేజీ తెరిచేవాడు. మనుషుల్నీ అలాగే చూసేవాడని నాకు తర్వాత అర్థమైంది.

అప్పటికి రెండు పుస్తకాలు అచ్చయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు. మూడోది మొదలుపెట్టిన రోజుల్లో ఒక పొద్దున్న నేను పళ్ళెం పట్టుకుని వీధి గదిలోకి వెళ్ళేసరికి, మిషను పెడలు మీద ఎర్రగా కనబడింది. ఎర్ర దారప్పోగు అనుకున్నాను. వంగి తీయబోతే వేలికి తడి అంటింది.

“ఏమేవ్, కాలెత్తు!”

ఎత్తింది. కుడి అరికాల్లో, బొటనవేలి కింద, విరిగిన సూదిముక్క దిగబడి ఉంది. ఎన్నాళ్ళనుంచి ఉందో ఏమో, చుట్టూ చీము పట్టింది. దానికి షుగరు. ఆ కాలికి స్పర్శ పోయిందన్న సంగతి దానికీ తెలియదు, మాకూ తెలియదు.

“నొప్పి లేదు పిన్నీ, ఒట్టు,” అంది.

డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ సూదిముక్క తీసి, కట్టు కట్టి, కళ్ళజోడు పైనుంచి మా ఇద్దర్నీ చూసింది.

“నొప్పి లేకపోవడమే నీ జబ్బు. ఈ పాదం మీద బరువు పడకూడదు. నడక తగ్గించు. తొక్కుడు మిషను అసలు ముట్టకు. పుండు మీద నొక్కుతూ ఉంటే అది లోపలికి పోతుంది. ఎముక దాకా పోయిందంటే కాలు దక్కదు. అర్థమైందా?”

“మరి నా పని?”

“మోటారు పెట్టించుకో. చేత్తో కుట్టుకో. కాలు కావాలా, మిషను కావాలా?”

పిచ్చుక తల ఊపింది. దారిలో నాతో, “మోటారు పెట్టిద్దాం పిన్నీ. అందరూ పెట్టించుకుంటున్నారుగా,” అంది. మిషను బాగుచేసే మనిషి వచ్చి మోటారు బిగించి వెళ్ళాడు. కాలు ఎత్తుపీట మీద పెట్టుకుని, మోకాలితో మీట నొక్కుతూ గలేబు కుట్టింది. చిన్నపిల్లలా సంబరపడింది. “చూడు పిన్నీ, దొరసానిలా కూర్చున్నాను!”

లోపలినుంచి ‘టక్’.

మళ్ళీ ‘టక్’.

తలుపు సందులోంచి ఉష్‌బాబు మొహం కనబడింది. “ఏమిటా రొద?”

“మోటారు అన్నయ్యా. డాక్టరమ్మ చెప్పింది.”

“సీసాలో కందిరీగని పెట్టినట్టుంది. తీసెయ్.”

“ఏరా, దాని కాలు...” అని నేను మొదలుపెట్టాను. వేలు పెదవి మీద పెట్టాడు. “ఉష్. పిన్నీ, నువ్వు వంటింట్లోకి వెళ్ళు.”

వెళ్ళలేదు. అక్కడే కూర్చున్నాను. వాడు పాపం ప్రయత్నం చెయ్యలేదని అనను. ఎవరిదగ్గరో టేపురికార్డరు తెచ్చి, మిషను చప్పుడు టేపులో పట్టి, అది వేసుకున్నాడు. ఒక పూట విని కట్టేశాడు. “ప్రతిసారీ ఒక్కచోటే ఆగుతోంది, నా వాక్యం కూడా అక్కడే ఆగుతోంది,” అన్నాడు. నేను తొక్కుతానన్నాను. కూర్చుని తొక్కాను కూడా. లోపలినుంచి కేక వేశాడు: “పిన్నీ, బండి గతుకుల్లో పడ్డట్టుంది, దిగు!” అంతకు ముందెప్పుడూ నేను మిషను ముట్టలేదులే. నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

ఆ వారంలోనే పుస్తకాలు అచ్చువేసే ఆయన వచ్చాడు. రాసినంతవరకు చదివి లేచి నిలబడ్డాడట. ఇది పూర్తయితే నిన్ను నెత్తిన పెట్టుకుంటారు, త్వరగా ముగించు అన్నాడట. ఆయన వెళ్ళాక ఉష్‌బాబు వీధి గదిలోకి వచ్చి పిచ్చుక ముందు నేలమీద కూర్చున్నాడు. వాడు నేలమీద కూర్చోవడం మేం చూడలేదు ఎప్పుడూ.

“పిచ్చుకా, ఈ ఒక్క పుస్తకం. తర్వాత నీకు నేనే మోటారు బిగిస్తాను. మొదటి పేజీలో నీ పేరు వేయిస్తాను. ‘మా చెల్లెలికి’ అని. పెద్ద అక్షరాలతో.”

“నా పేరా? అచ్చులో?”

“అచ్చులోనే.”

“అబద్ధమాడితే?”

“నా చెయ్యి పడిపోను.”

అది నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. చూసింది కదా, చూడనట్టు మొహం తిప్పుకుంది. “నొప్పి లేదుగా పిన్నీ,” అంది. మోటారు విప్పి అటక మీద పెట్టారు.

ఇంక విను, ఇక్కణ్ణుంచి నాకే చెప్పబుద్ధి కాదు.

అది తొక్కేది, వాడు రాసేవాడు. కట్టు మీద కట్టు కట్టుకుని తొక్కేది. కాలు బరువెక్కిందని కుట్టుపని తీసుకోవడం తగ్గించింది. అప్పుడు కుట్టడానికి గుడ్డలేదు. ‘టక్’ అంటాడుగా వాడు! పాత దుప్పటి వేసుకుని, దారం కూడా ఎక్కించకుండా ఊరికే తొక్కేది. సూది దిగి లేచి, దిగి లేచి, దుప్పటి నిండా చిల్లులు. ఒక రోజు దాన్ని ఎత్తి వెలుగులో పెట్టి నాకు చూపించింది. “చూడు పిన్నీ, అన్నయ్య రాసిందంతా ఇక్కడ కూడా ఉంది. చదువుతావా?”

“ముందు నీ కాలు చూపించు.”

చూపించదు. అన్నయ్యకి మాత్రం చూపించేది. ఎందుకంటే, అడిగేవాడు. సాయంత్రం కట్టు మార్చే వేళకి కుర్చీ లాక్కుని వచ్చి కూర్చునేవాడు. వంగి చూసేవాడు. ఏనాడూ చెల్లెలు తిందా లేదా అని అడగనివాడు, ఎంత శ్రద్ధగా అడిగేవాడో!

“అంచు ఏ రంగులో ఉంది? నిన్న గులాబీ రంగుగా ఉంది కదా?”

“ఇవాళ నల్లబడింది అన్నయ్యా.”

“నలుపు కాదు. వంకాయ తొక్క. వాసనెలా ఉంది? పిన్నీ, నువ్వు చెప్పు, నీకు ముక్కు బాగా తెలుస్తుంది.”

“కుళ్ళిన వాసన. మనిషి కుళ్ళిన వాసన,” అన్నాను వాడి కళ్ళలోకి చూస్తూ.

“అబ్బే, అందరూ అదే అంటారు,” అని, కాసేపు కళ్ళు మూసుకుని పీల్చి, గబగబా లోపలికి వెళ్ళిపోయాడు రాసుకోవడానికి.

పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. “చూశావా పిన్నీ, అన్నయ్యకి నేనంటే ఎంత బెంగో!” అంది.

ఆ పుస్తకంలో ఎవరో ఒకావిడ ఉందట, కాలికి పుండుతో గుమ్మంలో కూర్చుని ఉంటుందట. అందరూ ఆవిణ్ణి వదిలేసి వెళ్ళిపోతారట. ఇది నాకు అప్పటికి తెలియదు.

డాక్టరమ్మ కబురు మీద కబురు పంపింది. నేను రిక్షా పిలిచి గుమ్మం ముందు నిలబెడితే, “చివరి అధ్యాయం పిన్నీ, ఇంక నాలుగు మాటలేనట,” అని ఇది కదలదు. వాణ్ణి తిట్టాను. “నువ్వు మనిషివేనా?” అన్నాను. వాడు కోపగించుకోలేదు, జాలిగా చూశాడు. “పిన్నీ, కాళ్ళున్నవాళ్ళు లోకంలో కోట్లమంది. ఈ పుస్తకం ఒక్కటే,” అన్నాడు. వాడు అది నిజంగా నమ్మాడమ్మా. నాకు భయం వేసింది అందుకే. అబద్ధమాడేవాణ్ణయితే దులిపెయ్యొచ్చు.

ఆ పొద్దున్న నేను పైన బట్టలు ఆరేస్తున్నాను. కింద మిషను చప్పుడు ఆగింది. ‘టక్’ వినబడింది. మళ్ళీ ‘టక్’. ‘టక్ టక్ టక్’. బట్టలు అక్కడే పారేసి మెట్లు దిగాను. పిచ్చుక మిషను బల్ల మీద తల వాల్చేసి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. కాలు ఇంకా పెడలు మీదే ఉంది. వాడు తలుపు దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

“పిన్నీ, దీన్ని లేపు. ఒక్క వాక్యం మధ్యలో ఉన్నాను.”

నేను వాణ్ణి కొట్టలేదు. చేతులు ఖాళీ లేవు, దాన్ని ఎత్తుకున్నాను. పిచ్చుకంత మనిషి, మోశాను.

మోకాలి కిందనుంచి తీసేశారు. డాక్టరమ్మ బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. మెలకువ వచ్చాక పిచ్చుక అడిగిన మొదటి మాట కాలు గురించి కాదు. “అన్నయ్య వాక్యం పూర్తయిందా?”

పూర్తవలేదు. అచ్చువేసే ఆయన ఆగలేక, ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్ళి వేసేశాడు. ఆ పుస్తకం ఎలా ఎగిరిందో నీకు తెలుసు, నీ బల్లమీదా ఉంది. వాకిట్లో చెప్పులు విడవడానికి చోటు లేదు, అంతమంది వచ్చేవారు. పిచ్చుక అప్పటికి కర్ర పట్టుకుని నడవడం నేర్చుకుంటోంది. వచ్చినవాళ్ళు దాని పక్కనుంచి జరిగి లోపలికి వెళ్ళేవాళ్ళు. “ఈవిడెవరు?” అంటే, “మా చెల్లెలు, ఒంట్లో బాగాలేదు,” అనేవాడు. పుస్తకం మాత్రం దాని చేతికివ్వలేదు. అడిగితే, ప్రతులు అయిపోయాయి, మళ్ళీ అచ్చువేస్తున్నారు అన్నాడు. అది నమ్మింది.

ఒక రోజు పత్రికనుంచి ఒక అమ్మాయి వచ్చింది, పుస్తకం ఎలా పుట్టిందో అడగడానికి. చక్కని పిల్ల, నీ వయసుంటుంది. ఉష్‌బాబు ముందుగానే బయటికి వచ్చి, “కర్ర టకటకలాడించకు, టేపులో పడుతుంది,” అని చెల్లెలికి చెప్పి వెళ్ళాడు. వీధి గదిలో మేమిద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. తలుపు జానెడు తెరిచే ఉంది, అలవాటు కదా. ప్రతి మాటా వినబడింది.

“మీరు ఎవరిని చదువుతారు సార్?”

“పోయినవాళ్ళనే.”

“మీరు రాసే పద్ధతి చెప్పండి. రాసేటప్పుడు ఏం కావాలి మీకు?”

“నిశ్శబ్దం,” అన్నాడు. “పూర్తి నిశ్శబ్దం. పక్క గదిలో సూది కింద పడినా నా వాక్యం విరిగిపోతుంది.”

పిచ్చుక నా చెయ్యి పట్టుకుంది.

“ఆ కాలి పుండు సార్! చదువుతుంటే నా కాలు లాగేసింది. దగ్గరగా ఎవరినైనా చూశారా?”

“లేదమ్మా. చూసి రాస్తే అది నకలు. అది కల్పన.”

“చివరి వాక్యం మధ్యలో తెగిపోతుంది కదా! అలా ఆపడానికి ఎంత ధైర్యం కావాలి?”

“చాలా రోజులు ఆలోచించి తెంచాను,” అన్నాడు.

“అంకితం కూడా నాకెంతో నచ్చింది. ‘నా ఏకాంతానికి’ అన్నారు.”

లోపల కాఫీకప్పులు చప్పుడయ్యాయి, నవ్వుకున్నారు. పిచ్చుక నా చెవి దగ్గరికి వంగింది.

“పిన్నీ, ఏకాంతం అంటే ఎవరు?”

తెలియక అడిగిందో, తెలిసి అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. “ఎవరూ కాదే,” అన్నాను. అది తల ఊపింది. ఏడవలేదు. ఆ పిల్ల వెళ్ళేదాకా అలాగే కదలకుండా కూర్చుంది, టేపులో పడకుండా.

మర్నాడు లేచి పనిలో పడింది. కర్ర చివరకి రబ్బరు ముక్క తొడిగి, పైన గుడ్డ చుట్టి కుట్టింది. కుర్చీల కాళ్ళకి గుడ్డ తొడుగులు కుట్టింది. తలుపు బందులకి నూనె పోసింది. మిషను బెల్టు విప్పి పొయ్యిలో పెట్టింది, మిషను తీసుకెళ్ళి కుట్టు నేర్పేవాళ్ళ బడికి ఇచ్చేసింది. చేత్తో కుట్టుకోవడం మొదలెట్టింది. చేతికుట్టుకి చప్పుడేముంది? నేను మాట్లాడితే వేలు పెదవి మీద పెట్టేది. “ఉష్.” మాకు వంటింట్లో సైగలే మిగిలాయి.

కొన్నాళ్ళకి ఉష్‌బాబు కొత్త పుస్తకం మొదలుపెట్టాడు. బల్ల ముందు కూర్చున్నాడు. ‘టక్’.

ఏమీ లేదు.

‘టక్.’

బయటికి వచ్చాడు. “మిషనేది?”

పిచ్చుక చిన్న గొంతుతో, “అడ్డమని తీయించేశాను అన్నయ్యా,” అంది.

“అడ్డమా? నేను రాయొద్దా?”

“రాయి. నీకు నిశ్శబ్దం కావాలన్నావుగా. సూది కింద పడనివ్వను, చూసుకుంటాను.”

వాడి మొహం చూడాలి. “ఆ పత్రిక పిల్లతో ఏదో చెప్పాలి కదా పిచ్చుకా, చదివేవాళ్ళకి అలాంటివే నచ్చుతాయి! కొత్త మిషను కొంటాను. ఇంకో కాలుందిగా నీకు, ఒక్క కాలితో కూడా తొక్కేవాళ్ళున్నారు.”

ఆ మాట అన్నాడమ్మా. నేను విన్నాను. ఈ చెవులతో విన్నాను.

పిచ్చుక సూది గుడ్డలో గుచ్చి పెట్టి, వాడి వైపు ఎంత ప్రేమగా చూసిందో! చిన్నప్పుడు చూసినట్టే చూసింది. వేలు పెదవి మీద పెట్టుకుంది. “ఉష్,” అంది.

వాడు అరిచాడు. బతిమాలాడు. నేలమీద కూర్చున్నాడు మళ్ళీ. ఈసారి పేరు అట్టమీదే వేయిస్తానన్నాడు. అది కుట్టుకుంటూనే ఉంది. చివరికి వాడే కొత్త మిషను కొనుక్కొచ్చి తన గదిలో పెట్టుకుని, తనే తొక్కుతూ రాయబోయాడు. కాలు నడిస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి నడిస్తే కాలు ఆగుతుంది. పక్క గదిలో మేం వినేవాళ్ళం. గతుకుల్లో బండి. పిచ్చుక భుజాలు నవ్వుతో ఊగేవి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునేది చప్పుడు రాకుండా.

వాడు మళ్ళీ ఒక్క పేజీ రాయలేదు. కుట్టుపని చేసే ఇళ్ళ అరుగుల మీద కూర్చునేవాడు, వాళ్ళు విసుక్కుని లేపేసేదాకా. వాడి జుట్టు తెల్లబడింది, చూపు మసకబారింది. కొత్త పుస్తకం ఎంతవరకు వచ్చిందని అడగడానికి ఏ పత్రికవాళ్ళు వచ్చినా, పిచ్చుక కర్ర చప్పుడు కాకుండా గుమ్మం దాకా వచ్చేది. “నెమ్మదిగా మాట్లాడండి. మా అన్నయ్య నిశ్శబ్దంలో ఉన్నాడు,” అనేది. ఎంత మర్యాదగా అనేదో! వాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్ళేవాళ్ళు. లోపల వాడు వింటూ ఉండేవాడు, తలుపు జానెడు తెరిచే ఉంటుందిగా. వాడు పోయేదాకా ఆ ఇంట్లో అది ఒక్క గిన్నె చప్పుడు కానివ్వలేదు.

పాపం అంటావా? ఎవర్ని అంటావు? నాకు తేలలేదు, నువ్వు తేల్చుకో.

ఆ పుస్తకం నీ బల్లమీద ఉంది కదా, చదివి ఏడ్చావు కూడా. మళ్ళీ చదువు, వద్దనను, బాగానే రాశాడంటారు. కానీ నీ స్నేహితులెవరైనా ఆ పుండు దగ్గరికొచ్చి ‘ఎలా ఊహించాడో’ అంటే, ఊరుకోకు అమ్మలూ. అది మా పిచ్చుక కుడికాలు అని చెప్పు. చివరి వాక్యం ఎందుకు తెగిందో, అప్పుడు నేను ఏ మెట్లు దిగి పరిగెత్తానో అదీ చెప్పు. నా మాటలే వాడక్కర్లేదు, నీ మాటల్లో చెప్పు. కాస్త గట్టిగా చెప్పు. ఆ ఇంట్లో చాలాకాలం చప్పుడు లేదు.